ఇచ్చిన జిరాక్సు ఎక్కడికి పోతున్నది?

పెద్దపల్లి: సంత రోజున బజ్జీల బండి దగ్గర పొట్లం విప్పితే, నూనె మరకల కింద ఎవరిదో ఫోటో, తండ్రి పేరు, ఇంటి నెంబరు కనిపించడం మన పల్లెల్లో కొత్త సంగతి కాదు. ఎప్పుడో బ్యాంకులోనో, కాలేజీలోనో, మరో ఆఫీసులోనో ఇచ్చుకున్న దరఖాస్తు అది. పని అయిపోయింది. కట్ట కట్టి మూలన పడేశారు. కొన్నాళ్లకు పాత కాగితాల వాడికి కిలోల లెక్కన తూచారు. బజ్జీ తిన్నవాడు మూతి తుడుచుకుని పొట్లం అవతల పారేస్తాడు. దరఖాస్తు పెట్టుకున్న మనిషికి ఈ సంగతి ఏనాటికీ తెలియదు.

అప్పుకు ప్రామిసరీ నోటు రాసిచ్చిన రైతు, బాకీ తీరిన రోజున ఆ నోటు తీసుకోకుండా షావుకారు గడప దిగడు. అక్షరం ముక్క రానివాడైనా సరే, నోటు చింపి చేతిలో పెట్టించుకుని గానీ కదలడు. నోటు వుంటే బాకీ వున్నట్టేనని అతనికి తెలుసు. అదే రైతు ఏడాదికి పది చోట్ల ఆధార్ జిరాక్సు ఇస్తున్నాడు. పట్టాదారు పాసు పుస్తకం నకలు ఇస్తున్నాడు. బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఇస్తున్నాడు. పని అయ్యాక ఒక్కటీ వెనక్కి అడగడం లేదు. అడగవచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. తీసుకున్నవారికీ తిరిగి ఇవ్వాలన్న పద్ధతి లేదు.

ప్రజల వివరాలు తీసుకునేవారు ఎలా నడుచుకోవాలో చెప్పే చట్టం ఒకటి ఢిల్లీలో తయారైంది. నియమాలు కూడా వచ్చాయి. అవి పూర్తిగా అమలులోకి రావడానికి ఇంకా గడువు వుంది. అయితే ఆ చట్టం పల్లెలోని జిరాక్సు దుకాణం దాకా, మహిళా సంఘం రిజిస్టరు దాకా ఎంతవరకు చేరుతుందన్నదే అసలు ప్రశ్న. చాలావరకు చేరదు. ఆ మిగిలిన జాగాలో ఊరే ఒక కట్టుబాటు చేసుకోవలసి వుంటుంది.

వేలు మనదే, ముద్ర ఎవరిదో

కాగితం పోతే పోయిందిలే, మన దగ్గర దోచుకోవడానికి ఏముంది అనుకునేవారు మన జిల్లాలోనే బయటపడిన ఒక వ్యవహారాన్ని గుర్తు చేసుకోవాలి. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. పోలీసులు అప్పుడు చెప్పిన ప్రకారం అతడు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజుల నకళ్లు దించుకున్నాడు. దస్తావేజులో అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు వుంటాయి. ఆధార్ నెంబరూ వుంటుంది. రబ్బరు స్టాంపు చేసే పద్ధతిలోనే ఆ ముద్రకు అచ్చు తీసి, సిమ్ ఇచ్చేటప్పుడు వేలు పెట్టే యంత్రం మీద నొక్కాడు. యంత్రం నమ్మింది. కంపెనీ పెట్టిన టార్గెట్ కోసం వేల సంఖ్యలో సిమ్ కార్డులు ఈ విధంగా ఎవరెవరి పేర్ల మీదనో లేచాయి.

ఎకరమో అరెకరమో అమ్ముకుని బిడ్డ పెళ్లి చేసిన మనిషి పేరు మీద తనకు తెలియని సిమ్ నడుస్తున్నదంటే, రేపు ఆ ఫోనుతో ఎవరినైనా మోసం చేస్తే పోలీసులు మొదట వచ్చేది ఆ రైతు ఇంటికే. వ్యాపారి సంగతి చట్టం చూసుకుంటుంది. కానీ అంతకు ముందు అడగవలసిన ప్రశ్న వేరే వుంది. తాళమూ తాళంచెవీ ఒకే గూట్లో పెట్టినట్టు, ఆధార్ నెంబరును, వేలిముద్రను పక్కపక్కనే అందరి కంటా పడేలా పెట్టినదెవరు? భూమి ఎవరిదో, ఎవరు ఎవరికి అమ్మారో నలుగురికీ తెలియడం మంచిదే. కొనేవాడు మోసపోకుండా వుంటాడు. దానికి సర్వే నెంబరు, పేర్లు, తేదీ చాలు. బొటనవేలి ముద్ర కనిపించవలసిన పని లేదు.

ఏటీఎం కార్డు పోతే బ్యాంకు మరో కార్డు ఇస్తుంది. రహస్య నెంబరు తెలిసిపోతే మార్చుకోవచ్చు. బొటనవేలు మార్చుకోలేము. ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడూ వుంటే బ్యాంకు మిత్ర దగ్గరి చిన్న యంత్రంతో ఖాతాలోని డబ్బు తీయవచ్చు. ఫోనుకు ఓటీపీ కూడా రానక్కర లేదు. బ్యాంకుకు పది కిలోమీటర్లు నడవలేని ముసలివారికి పింఛను డబ్బు ఇంటి దగ్గరే అందాలని పెట్టిన ఏర్పాటు ఇది. ఎందరికో మేలు చేసింది. అదే సులువు దొంగకూ పనికి వస్తున్నది.

ఢిల్లీ చట్టంలో ఏముంది

కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి రిటైరయిన కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఒక మాట చెప్పింది. తన సొంత సంగతులను తనలో వుంచుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కులలోనిదేనని ఆ తీర్పు సారాంశం. ఆ తరువాత జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018 జులైలో నివేదిక ఇచ్చింది. 2019లో ఒక బిల్లు వచ్చింది. 2022లో దానిని వెనక్కి తీసుకున్నారు. చివరకు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నియమాలు మరో రెండేళ్లకు, 2025 నవంబరులో వెలువడ్డాయి. వివరాలు తీసుకునేవారు పాటించవలసిన ముఖ్యమైన నియమాలకు 18 నెలల గడువు పెట్టారు. ఆ లెక్కన 2027 మే నెల.

చట్టంలో పల్లె మనిషికి పనికి వచ్చే సంగతులు కొన్ని వున్నాయి. ఒకరి వివరాలు తీసుకునేటప్పుడు ఏమేమి తీసుకుంటున్నారో, దేనికో ముందుగా చెప్పాలి. అలా చెప్పే నోటీసు ఇంగ్లీషులోనే వుంటే చెల్లదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో కావాలన్నా చూసుకునే వీలు వుండాలి. అంటే తెలుగులో చూపించమని అడగవచ్చు. ఒక పనికని తీసుకున్నది మరో పనికి వాడరాదు. ఒప్పుకున్న మనిషి తరువాత వద్దంటే, ఒప్పుకోవడం ఎంత సులువుగా జరిగిందో వద్దనడమూ అంత సులువుగా జరగాలి. పని తీరాక, మరో చట్టం దాచమంటే తప్ప, చెరిపివేయాలి. వివరాలు బయటికి పొక్కితే ఆ సంగతి వివరాలు ఇచ్చిన మనిషికి చెప్పాలి. భద్రతలో లోపం చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

ఆ జరిమానాలో నష్టపోయిన మనిషికి దక్కేది మాత్రం ఏమీ లేదు. మొత్తం కేంద్ర ప్రభుత్వ ఖజానాకే జమ అవుతుంది. పొలంలో పశువులు పడి మేస్తే బందెల దొడ్డి రుసుము పంచాయతీకి పోతుంది, పంట పోయిన రైతు గట్టు మీద కూర్చుంటాడు. ఇదీ అలాగే వుంది.

ఇక పింఛను, రేషను, సర్టిఫికెట్లు, సబ్సిడీల కోసం ప్రభుత్వం వివరాలు తీసుకుంటే ప్రతిసారీ ఒప్పుకోలు అడగనక్కర లేదని చట్టం మినహాయించింది. అయితే ఆ ఆఫీసులు ఎలా నడుచుకోవాలో నియమాల రెండవ షెడ్యూలులో రాశారు. అవసరమైనంత మేరకే తీసుకోవాలి, ఆ పనికే వాడాలి, అవసరం వున్నంత కాలమే వుంచుకోవాలి, భద్రంగా వుంచాలి, అడగడానికి వచ్చినవారికి జవాబు చెప్పే మనిషి ఎవరో తెలపాలి. మండల ఆఫీసు గోడ మీద రుసుముల పట్టిక వేలాడదీసినట్టే దీనినీ తెలుగులో రాసి వేలాడదీస్తే సగం పని అయినట్టే.

కాగితానికి చట్టం లేదు

ఇంత వున్నా ఒక పెద్ద సందు మిగిలింది. చట్టం పేరులోనే డిజిటల్ అని వుంది. కంప్యూటరులోకి, ఫోనులోకి ఎక్కిన వివరాలకు, తరువాత ఎక్కించిన వివరాలకు మాత్రమే అది వర్తిస్తుంది. ఉత్త కాగితంగా వున్నంత కాలం దాని జోలికి రాదు. బీరువాలోని ఫైలు, జిరాక్సు యంత్రం పక్కన అట్టపెట్టె, సంఘం లెక్కల పుస్తకం, ఎరువుల దుకాణంలో మేకుకు గుచ్చిన ఆధార్ నకళ్లు, వీటి మీద ఈ చట్టం మాట్లాడదు. పల్లెలో మనిషి వివరాలు బయటికి పోయేది ఎక్కువగా ఈ దారినే. బజ్జీల పొట్లాన్ని ఏ బోర్డుకూ తీసుకుపోలేము.

2022 మే నెలలో ఒక తమాషా జరిగింది. ఆధార్ సంస్థకు చెందిన బెంగళూరు కార్యాలయం, ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతిని ఇవ్వాలని ప్రకటించింది. రెండు రోజులకే కేంద్ర ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుని, జనం మామూలు జాగ్రత్త పాటిస్తే చాలునన్నది. మామూలు జాగ్రత్త అంటే ఏమిటో ఎవరు చెప్పాలి? నాలుగు అంకెల ప్రతి ఇప్పటికీ ఆధార్ వెబ్‌సైటులో దొరుకుతుంది. అది పట్టుకుపోతే ‘ఇది చెల్లదు, పూర్తి నెంబరు వున్నది తెమ్మను’ అనే గుమాస్తాలే ఎక్కువ.

ఊరి కట్టుబాటు

ఇక్కడే ఊరి మాట అవసరమవుతున్నది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి గ్రామ పంచాయతీలకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. సారా అమ్మరాదని, చెరువు గట్టు మీద చెత్త వేయరాదని తీర్మానాలు చేసుకున్న ఊళ్లు తెలంగాణలో వున్నాయి. వివరాలు తీసుకునేవారు ఇలా నడుచుకోవాలని గ్రామసభలో ఒక తీర్మానం చేయడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. దానికి పైసా ఖర్చు లేదు. జరిమానాలు, బహిష్కారాల జోలికి పోకుండా, మీసేవ నడిపేవారిని, రేషన్ డీలరును, బ్యాంకు మిత్రను, సంఘం లెక్కలు రాసే అక్కను, జిరాక్సు దుకాణదారును కూర్చోబెట్టి, వారిచేతనే ఒప్పించి రాయించాలి. పై నుంచి వచ్చిన సర్క్యులరు ఫైలులో పడుకుంటుంది. నలుగురి ముందు ఒప్పుకున్న మాటను రేపు ఎదురుపడి అడిగేవారు వుంటారు.

అందులో ముందుగా రాసుకోవలసింది ఫోను నెంబరు సంగతి. ఇది చూడటానికి చిన్నదే. వంద అనర్థాలకు మూలం ఇదే. సొంత ఫోను లేని అవ్వ పింఛను దరఖాస్తుకు వస్తుంది. ఫారంలో మొబైలు నెంబరు గడి ఖాళీగా వుంటే కంప్యూటరు ముందుకు పోదు. నడిపే కుర్రవాడు తన నెంబరే కొట్టేస్తాడు. అతనికి దురుద్దేశం వుండకపోవచ్చు. వెనక ఇరవై మంది నిలబడి వున్నారు. కానీ ఆ రోజు నుంచి అవ్వకు రావలసిన ప్రతి సందేశం, ప్రతి ఓటీపీ అతని ఫోనుకు పోతుంది. అతడు దుకాణం ఎత్తేసినా, నెంబరు మార్చినా, ఆ పాత నెంబరు మరొకరికి పోయినా అవ్వకు తెలియదు. వేలిముద్రను ఎవరూ వాడకుండా ఆధార్‌కు తాళం వేసుకునే సౌకర్యం వుంది. ఆ తాళానికి కూడా ఓటీపీ కావాలి. అంటే అవ్వ తాళం కుర్రవాడి జేబులో వుంటుంది. కొడుకుదో, కూతురుదో, మనుమడిదో నెంబరు వేయాలి గానీ నడిపేవారి నెంబరు వేయరాదన్నది కట్టుబాటులో మొదటి మాట కావాలి.

ఆ తాళం గురించి ఒక హెచ్చరిక. వేసుకున్నవారికి రేషను దుకాణంలో, బ్యాంకు మిత్ర దగ్గర కూడా వేలు పడదు. పని వున్న రోజున కాసేపు తీసి మళ్లీ వేసుకోవాలి. ఇంట్లో ఫోను తెలిసిన పిల్లలు వుంటేనే ఇది కుదిరే పని.

రెండవది ‘వేలు పడలేదు’ అన్న మాట. పొలం పని చేసి అరిగిపోయిన వేళ్లు యంత్రానికి అందవు, నిజమే. తడి గుడ్డతో తుడిచి రెండు మూడు సార్లు పెట్టించవలసి వస్తుంది. అయితే మొదటిసారి పెట్టినప్పుడే డబ్బు దిగి, ‘పడలేదవ్వా, మళ్లీ పెట్టు’ అని రెండవసారి కూడా దించుకునే మోసం దేశంలో చాలా చోట్ల బయటపడింది. కాబట్టి వేలు ఎన్నిసార్లు పెడితే అన్ని చీటీలు చేతికి ఇవ్వాలి. పడలేదన్నా సరే, పడలేదని చెప్పే చీటీ ఇవ్వాలి. చదువు రాని వారికి దానిలోని అంకెను పైకి చదివి వినిపించాలి. నిజాయితీగా పనిచేసే బ్యాంకు మిత్రకు కూడా ఇది రక్షణే. రేపు నింద వస్తే చూపించడానికి చీటీ వుంటుంది.

జిరాక్సుల మాటకు వస్తే, ఇచ్చే ప్రతి మీద ‘ఫలానా పని కోసం’ అని రాసి, తేదీ వేసి, దాని మీదుగా అడ్డంగా ఒక గీత గీస్తే మరో చోట వాడటం కష్టమవుతుంది. రాయడం రానివారికి తీసుకునేవారే రాయాలి. పని తిరస్కరించినా, పూర్తయినా ప్రతిని వెనక్కి ఇవ్వాలి, లేకపోతే చింపివేయాలి. దుకాణంలో సరిగా పడని ప్రతులను ముక్కలు చేయకుండా పడవేయరాదు. వాటి వెనక తెల్లగా వున్న వైపు పిల్లలు లెక్కలు చేసుకోవడం అందరూ చూసినదే.

‘ఆడిట్ వాళ్లు వచ్చి కాగితం ఏదని అడిగితే ఏం చూపాలి?’ అన్నది గుమాస్తాల వైపు నుంచి వచ్చే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దాచవలసినవి దాచాల్సిందే. కానీ ఎన్నేళ్లు దాచాలో, ఏ బీరువాలో, తాళం ఎవరి దగ్గరో, గడువు తీరాక ఎవరి ఎదుట కాల్చివేస్తారో రాసి వుండాలి. ఇప్పుడు చాలా చోట్ల వున్న పద్ధతి వేరు. జాగా చాలనప్పుడు అమ్మేయడమే గడువు. ఇక దుకాణదారులకు తీరిక లేదన్న మాట కూడా వుంది. ఒక గీత గీయడానికి, ఒక ముక్క చింపడానికి పట్టే కాలం ఎంతో వారికే తెలుసు.

వాట్సాప్ గ్రూపులు కొత్త తలనొప్పి. లబ్ధిదారుల జాబితా వచ్చిందంటే పేరు, ఆధార్, ఖాతా నెంబరు, ఫోను అన్నీ వున్న కాగితాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టేస్తున్నారు. మంచి ఉద్దేశమే, అందరికీ తెలియాలని. ఆ ఫోటో ఊరి సరిహద్దు దగ్గర ఆగదు. సంఘంలో ఎవరు ఎంత కట్టారో, ఎవరు వాయిదా తప్పారో సమావేశంలో పైకి చదవడం సంఘానికి ప్రాణం. ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టడం ఒక ఇంటి పరువు తీయడం. ఆశా కార్యకర్త రిజిస్టరులో వుండే గర్భాల వివరాలు, క్షయ వంటి జబ్బుల సంగతి అంతకన్నా గుట్టుగా వుండవలసినవి. ఎయిడ్స్ రోగి వివరాలు అతని రాతపూర్వక అనుమతి లేకుండా బయట పెట్టరాదని 2017 నాటి చట్టమే చెబుతున్నది.

గుట్టు పేరుతో గుట్టలు మింగరాదు

అయితే దీనికి ఇంకో వైపు వుంది. దానిని మరిస్తే ఈ కట్టుబాటే పేదవాడికి ఎదురు తిరుగుతుంది. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైనప్పుడు, మస్టరులోని పేర్లు, పని దినాలు, కూలి మొత్తం గ్రామసభలో పైకి చదివేవారు. చచ్చిపోయిన వారి పేరు మీద కూలి తీసుకున్న సంగతులు, పని చేయనివారి పేర్లు ఆ చదవడం వల్లనే బయటపడ్డాయి. పేర్లు చదవకుండా దాచి వుంటే దొంగలు హాయిగా వుండేవారు.

కొత్త చట్టం సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షన్‌లో ఒక భాగాన్ని మార్చింది. వ్యక్తిగత సమాచారం అయినా, ప్రజా ప్రయోజనం వుంటే ఇవ్వాలన్న మాట ఇంతకు ముందు ఆ భాగంలోనే వుండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అయితే ఇవ్వనక్కర లేదని ముక్తసరిగా వుంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చునన్న మరో నిబంధన అదే సెక్షన్‌లో వేరే చోట మిగిలి వుంది గానీ, ఇవ్వదలచని అధికారికి సాకు దొరికిందని సమాచార హక్కు కార్యకర్తలు ఆందోళన చెందుతున్నారు. ఆ ఆందోళనను కొట్టివేయలేము.

కాబట్టి ఊరు రాసుకునే కట్టుబాటులో ఏది దాచాలో ఎంత స్పష్టంగా వుండాలో, ఏది దాచరాదో అంత స్పష్టంగా వుండాలి. ఇల్లు ఎవరికి మంజూరైంది, ఎంత సొమ్ము ఇచ్చారు, ఎవరికి ఎన్ని రోజుల కూలి పడింది, ఇవి గోడ మీద వుండవలసినవి. వారి ఆధార్ నెంబరు, ఖాతా నెంబరు, ఫోను, వేలిముద్ర గోడ మీద వుండరానివి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్‌లో గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు, కులం, మతంతో సహా కనిపించినట్టు బయటపడింది. లబ్ధిదారుల పేర్లు పెట్టడం తప్పు కాదు. పక్క గళ్లు మూయకపోవడం తప్పు.

డబ్బు పోతే వెంటనే

ఖాతాలో డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఖాతాదారుడి తప్పు లేకుండా బయటివారి మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాలలో తెలిపినవారిపై భారం పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. సందేశం మరొకరి ఫోనుకు పోతుంటే ఆ మూడు రోజులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో కూడా తెలియదు. ఆధార్‌కు ఏ ఫోను నెంబరు జతపడి వున్నదో తెలియనివారు ఆధార్ కేంద్రానికి వెళ్లి సరిచేయించుకోవచ్చు. సందేహాలకు ఆధార్ సంస్థ నెంబరు 1947. తెలుగులోనూ మాట్లాడతారు.